నాలుగు పీటలు, ఒక కొండ

ఒకానొక రాజ్యంలో చనిపోయినవారికి పీటలు వేసేవారు, బతికున్నవారు నిలబడేవారు. ఆ రాజ్యం పేరు మల్లెగడ్డ. రాజు పేరు ప్రచండవర్మ.

ఆచారం మంచి ఉద్దేశంతోనే మొదలైంది. కొలువులో ఎవరైనా పూర్వుల మాట ఒకటి ఉదాహరిస్తే, ఆ పూర్వుడు స్వయంగా వచ్చినట్టే లెక్క. ఇంటికి వచ్చిన పెద్దను నిలబెట్టి మాట్లాడటం మర్యాద కాదు. కాబట్టి పేరు వినపడగానే సేవకుడు ఒక పీట తెచ్చి వేసి, దాని మీద పువ్వు పెట్టేవాడు. సభ ముగిసేదాకా దాన్ని ఎవరూ కదపకూడదు. పండితులు జోరు మీదున్న రోజున సభామందిరం పీటలతో నిండిపోయేది. మంత్రులు వసారాలోకి, కవులు మెట్ల మీదికి జరిగేవారు. వానాకాలంలో కవులు తడిసేవారు.

ప్రచండవర్మ ఈ ఆచారానికి ఒక సవరణ చేశాడు. ఒకే వాక్యంలో ఇద్దరు పెద్దల పేర్లు చెప్పకూడదన్నాడు. ఇద్దరినీ ఒక పీట మీద కూర్చోబెడితే ఎవరో ఒకరు జరగాలి. జరిగినవారు చిన్నబుచ్చుకుంటారు. అందుకని ఒక్కొక్క పెద్దకు ఒక్కొక్క వాక్యం, వీలైతే ఒక్కొక్క తాటాకు. ఒకరి మాట పక్కన ఇంకొకరి మాట పెట్టి చూడటం నేరం. ఈయన ఇలా అన్నారు, ఆయన అలా అన్నారు అని చెప్పడం వరకే పండితుడి పని. ఆ పైన మాట్లాడితే అహంకారం.

ఈ సవరణ తర్వాత మల్లెగడ్డ గ్రంథాలు బాగా లావెక్కాయి. చదివినవాళ్లకు ఏమైనా తేలినట్టు మాత్రం దాఖలా లేదు.

ఆ కొలువులో మాచన అని ఒక లేఖకుడు ఉండేవాడు. మాట తక్కువ, చదువు ఎక్కువ. ఉంటున్న ఇల్లు కొలువుతోపాటు వచ్చింది. కొలువు పోతే ఇల్లూ పోతుంది. ఈ సంగతి అతనికంటే అతని భార్య అక్కమ్మకు ఎక్కువ గుర్తుండేది.

ఒకరోజు రాజు మాచనను పిలిపించాడు.

"యువరాజుకు తుమ్మికోట రాజకుమార్తెను నిశ్చయించాం. విన్నావు కదా."

"విన్నాను, ప్రభూ."

"మూడు తరాల పగ ఈ పెళ్లితో తీరాలి. ముహూర్తం దాటితే అటువాళ్లు దాన్ని అవమానం కింద తీసుకుంటారు. మళ్లీ యుద్ధం. తుమ్మికోటకు అడవిలో పాత దారి ఉంది. మన తాతల నాటి నుంచి ఆ దారిన ఎవరూ వెళ్లలేదు. వెళ్లినవాళ్లు రాసిపెట్టినవి నాలుగు ఉన్నాయట. అవి చూసి ఒక మార్గగ్రంథం రాయి."

సంబంధం మాట్లాడిన రాయబారులు మరో రాజ్యం మీదుగా చుట్టు తిరిగి వెళ్లొచ్చారు. పెళ్లివారు కూడా ఆ దారిన వెళితే మధ్యలో ఉన్న రాజును పెళ్లికి పిలవాల్సి వస్తుంది. ప్రచండవర్మకు అది ఇష్టం లేదు. ముందుగా వేగులను పంపుదామని సేనాపతి అన్నాడు. పెద్దలు రాసిపెట్టి ఉండగా వేగులెందుకని రాజు అన్నాడు.

మాచన నాలుగు తాటాకు కట్టలూ ఇంటికి తెచ్చుకున్నాడు. ఒకటి పూర్వం తుమ్మికోట మీదికి దండెత్తిన బేతన దండనాయకుడిది. ఒకటి కాలినడకన దేశాలు తిరిగిన విమలానంద యతిది. ఒకటి ఎడ్ల మీద ఉప్పు అమ్మిన నాగిసెట్టిది. చివరిది దివాకర సోమయాజులుగారిది. ఇది పద్యాల్లో ఉంది.

దారి మధ్యలో గుబ్బకొండ అడ్డం వస్తుందని, అక్కడ బాట కొండకు రెండు పక్కలా చీలుతుందని నలుగురూ రాశారు. ఏ పక్కన వెళ్లాలన్న దగ్గర మాత్రం ఎవరి మాట వారిదే.

మాచన కట్టలు పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లాడు. రోలు పక్కగా ఒకసారి అటు నడిచాడు. వెనక్కి తిరిగి ఇటు నడిచాడు. అక్కమ్మ పప్పు రుబ్బడానికి వచ్చి నిలబడింది.

"రోలుకు ప్రదక్షిణం చేస్తే కొలువులో జీతం పెరుగుతుందా ఏమిటండీ?"

"ఇప్పుడు రోలు నాకు ఏ పక్కన ఉంది?"

"కుడి పక్కన."

"ఇప్పుడు?"

"ఎడమ పక్కన. రోలు ఎక్కడికీ పోలేదు. మీరే తిరుగుతున్నారు. జరగండి, పప్పు నానిపోతోంది."

మాచన జరిగాడు. ఆ రాత్రికే గ్రంథం పూర్తయింది. అది ఒకే ఒక్క తాటాకు.

మర్నాడు సభలో రాజు ఆ ఆకును రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"ఇంత పల్చగా ఉందేం?"

"దారి ఒకటే కదా, ప్రభూ."

"చదువు."

మాచన చదివాడు. "బేతన దండనాయకుడూ విమలానంద యతీ చెప్పినవి వేరుగా కనిపించినా, ఆ ఇద్దరూ నడిచింది ఒకే దారి."

పీటల సేవకుడు రెండు చేతుల్లో రెండు పీటలతో వచ్చి, ఏది ముందు వేయాలో తెలియక నడిమధ్యన నిలబడిపోయాడు. ఆస్థాన పండితుడు విశ్వంభర సోమయాజులు లేచాడు. నిజానికి ఆయన కూర్చుని లేడు. కానీ లేచినట్టే కనిపించాడు.

"మహాప్రభూ, ఒక వాక్యంలో ఇద్దరు పెద్దలు. దండనాయకుడు జరగాలా, యతి జరగాలా? ఇంకా ఆ ఆకు చివర ఏముందో చదవమనండి."

మాచన చదివాడు. "దివాకర సోమయాజులవారి మాటను వేరే సాక్ష్యంగా లెక్కించనక్కర్లేదు."

"ఆయన మా ముత్తాతగారు," అన్నాడు విశ్వంభర సోమయాజులు. "అగ్రహారం పొలిమేర దాటని ఆచారవంతులు. వారి పద్యాన్ని లెక్కించనక్కర్లేదట."

రాజు ముఖం ఎర్రబడింది. "మాచనా, బేతన దండనాయకుడు పోయి ఎన్నేళ్లయింది?"

"తొంభై ఏళ్లు దాటి ఉంటుంది, ప్రభూ."

"నువ్వు?"

"నేనింకా పోలేదు, ప్రభూ."

"మరి ఆయన మాటకు నువ్వు అర్థం చెప్పేదేమిటి? ఆ అర్హత వచ్చాక మాట్లాడు. గ్రంథం సోమయాజులుగారు రాస్తారు. నువ్వు ప్రయాణంలో పీటల బండి తోలుకుని రా. పెద్దల గురించి నోరెత్తకు. ఇంకొక మాట. ఆయన గ్రంథం పట్టుకుని మేం ముహూర్తానికి చేరామా, ఆ పూటతో నీ కొలువు సరి."

మాచన చిత్తం అన్నాడు. ఇంటికి వెళ్లి అక్కమ్మకు చెప్పాడు. ఆమె తిట్టలేదు. అటక మీది గంగాళం దింపి సామాను సర్దడం మొదలుపెట్టింది. అది తిట్టుకంటే ఎక్కువగా ఉంది.

సోమయాజులుగారి గ్రంథం కావడికి సరిపడా తయారైంది. పెళ్లివారు ఏనుగులు, పల్లకీలు, మేళతాళాలతో బయలుదేరారు. అందరికంటే వెనక పీటల బండి. అడవి దాకా దారికి వంక లేదు. ముహూర్తం ఆ రాత్రికనగా, తెల్లవారి ఎండ ఇంకా పైకి రాకముందే గుబ్బకొండ ఎదురైంది. నల్లటి బోడికొండ. బాట దాని ముందుకు వచ్చి రెండుగా చీలింది. ఒకటి కొండకు ఎడమ పక్కగా, ఒకటి కుడి పక్కగా వెళ్లి చెట్లలో మాయమయ్యాయి. ఒక పక్కన వెళ్లి, కాదని తిరిగివచ్చి రెండో పక్కన వెళ్లాలంటే ముహూర్తం దాటిపోతుంది.

రాజు పల్లకీ ఆపించాడు. "చదవండి."

సోమయాజులు గొంతు సవరించుకున్నాడు. "కొండను ఎడమచేతికి ఉంచుకుని నడిచాం. ఇది బేతన దండనాయకుల వాక్కు." ఆకు తిప్పాడు. "కొండను కుడిచేతికి ఉంచుకుని నడిచాను. ఇది విమలానంద యతీంద్రుల వాక్కు." ఆకు తిప్పాడు. "పొద్దున్నే కొండ నీడన నడిచాం, ఎడ్లకు ఎండ తగల్లేదు. ఇది నాగిసెట్టి వాక్కు." ఆకు తిప్పి గొంతు పెంచాడు. "గిరిరాజు నా వామహస్తమున విరాజిల్లెను. ఇది మా ముత్తాతగారు దివాకర సోమయాజులవారి వాక్కు. సంపూర్ణం."

"అయితే ఎటు వెళ్లాలి?"

"అది గ్రంథంలో లేదు, మహాప్రభూ. అది చెబితే ఎవరో ఒకరిని కాదన్నట్టవుతుంది."

సేనాపతి ఆకాశం వైపు చూశాడు. రాజు వేళ్లు మడిచాడు. "కొండ ఎడమచేతికి అని ఇద్దరు. కుడిచేతికి అని ఒక్కరు. సెట్టి ఎండ సంగతి చెప్పాడు. లెక్కపెట్టడం తప్పా?"

"లెక్కపెట్టడం పోల్చడం కిందికి రాదు, మహాప్రభూ."

"అయితే ఎక్కువమంది మాట. కొండ మన ఎడమచేతికి రావాలంటే కుడి పక్క దారిన పోవాలి. కదలండి."

వెనక బండి దగ్గర నిలబడి మాచన ఇదంతా విన్నాడు. తను ఊరుకుంటే వీళ్లు ముహూర్తానికి చేరరు. చేరకపోతే తన కొలువు నిలుస్తుంది, అక్కమ్మ సామాను విప్పుకుంటుంది. కాకపోతే ఆ తర్వాత యుద్ధం వస్తుంది. బండిలోంచి ఒక పీట దింపేంతసేపు ఆలోచించాడు. తర్వాత పీట పట్టుకుని ముందుకు వచ్చాడు.

"ప్రభూ, పీటలు వేయలేదు."

రాజు ఉలిక్కిపడ్డాడు. నలుగురు పెద్దలను పిలిచి, నిలబెట్టి, వెళ్లిపోబోయాడు. "ఇంతసేపూ ఏం చేస్తున్నావు?"

"ఎటు ముఖంగా వేయాలో తెలియక ఆగాను. కొలువులో అయితే సింహాసనం వైపు వేస్తాం. ఇక్కడ సింహాసనం లేదు."

రాజు ఆలోచించాడు. మర్యాదల విషయంలో ఆయన ఎంత తొందరలోనైనా ఆలోచించేవాడు. "ప్రయాణంలో ఉన్న పెద్దలు. వాళ్లు ఎటు వెళుతూ రాశారో అటు ముఖంగా వెయ్యి. మనం వెళ్లబోయే దారి మీదే వెయ్యి."

"చిత్తం. బేతన దండనాయకులు ఎటు వెళుతూ రాశారు, సోమయాజులుగారూ?"

సోమయాజులు కావడి వైపు చూశాడు. "ఆ ముందు ఆకు నేను ఎత్తి రాయలేదు. పెళ్లికి వెళుతూ చదవదగ్గది కాదు."

"ఏముంది అందులో?" అన్నాడు రాజు.

"తుమ్మికోట కోశాగారం దోచి, సొమ్ము ఏనుగుల మీదికి ఎత్తించి, ఇంటిముఖం పట్టాం అని ఉంది, మహాప్రభూ."

రాజు నాలుగు పక్కలా చూశాడు. "నెమ్మదిగా చెప్పండి."

మాచన పీటను కుడి పక్క దారి మొదట్లో, మల్లెగడ్డ వైపు ముఖంగా పెట్టాడు. పెట్టి వెనక్కి వచ్చి చూశాడు. తల గీరుకున్నాడు.

"ఏమైంది?"

"ఇంటిముఖంగా కూర్చోబెడితే కొండ ఆయన కుడిచేతికి వస్తోంది, ప్రభూ. ఎడమచేతికని ఆయన మాట. పీటను అటు తిప్పమంటారా?"

"తిప్పు."

మాచన తిప్పాడు. పీట తుమ్మికోట వైపు తిరిగింది. "ఇప్పుడు కొండ ఎడమచేతికి వచ్చింది. కానీ ఏనుగుల మీది సొమ్ముతో సహా తుమ్మికోటకు వెళుతున్నట్టుంది. దోచినది తిరిగి ఇచ్చేయడానికి అనుకుంటారేమో."

సేనాపతి దగ్గాడు. బేతన ఆయన వంశంలోనివాడే.

"యతిని వెయ్యి," అన్నాడు రాజు.

"యతీంద్రులు ఎటు వెళుతూ రాశారు, స్వామీ?"

"మన ఊళ్లో చాతుర్మాస్యం ముగించుకుని తుమ్మికోటకు వెళుతూ," అన్నాడు సోమయాజులు. ఆయన గొంతులో ఇందాకటి బలం లేదు.

మాచన రెండో పీట తెచ్చి అదే దారిలో తుమ్మికోట వైపు పెట్టాడు. "కొండ ఎడమచేతికి వస్తోంది. కుడిచేతికని కదా వారి వాక్కు." పీటను ఇటు తిప్పాడు. "ఇలా అయితే సరిపోయింది. కానీ వారు దేశాటన మానుకుని వెనక్కి వచ్చేస్తున్నారు. సన్యాసం మధ్యలో వదిలేయడం శాస్త్రంలో ఉందో లేదో సోమయాజులుగారు చెప్పాలి."

రాజు పల్లకీ దిగాడు. కుడి దారిలోని రెండు పీటలనూ చుట్టి వచ్చాడు. తర్వాత ఎడమ దారి వైపు చూశాడు.

"వాటిని తీసి అక్కడ వెయ్యి."

మాచన వేశాడు. ఎడమ పక్క దారి మొదట్లో బేతన పీట ఇంటివైపు ముఖంగా కూర్చుంది. కొండ దాని ఎడమచేతికి వచ్చింది. యతి పీట తుమ్మికోట వైపు ముఖంగా కూర్చుంది. కొండ దాని కుడిచేతికి వచ్చింది. రెండు పీటలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి, దారిలో ఎదురుపడి కుశలం అడుగుతున్న ఇద్దరు మనుషుల్లాగా. ఎవరూ జరగలేదు.

మూడో పీట తెచ్చి మాచన నిలబడ్డాడు. "నాగిసెట్టిగారికి పొద్దుటి పూట నీడ ఉండాలి, ప్రభూ."

అందరూ కొండవైపు చూశారు. సూర్యుడు కొండకు కుడి పక్కన లేచాడు. కుడి దారి మీద ఎండ పడి రాళ్లు మెరుస్తున్నాయి. ఎడమ దారి మీద, రెండు పీటలనూ కప్పుతూ, నల్లటి నీడ ఉంది. మాచన సెట్టి పీట ఆ నీడలో పెట్టాడు.

ఒక ఏనుగు కొమ్మ విరిచిన చప్పుడైంది.

"మా ముత్తాతగారి పీట?" అన్నాడు సోమయాజులు.

మాచన నాలుగో పీట తెచ్చాడు. తెచ్చి బేతన పీటకు సరిగ్గా వెనక, బేతన వీపుకు ముఖం పెట్టి వేశాడు.

"అదేమిటి, అక్కడ వేశావు?" అన్నాడు రాజు.

"నేను పెద్దల గురించి నోరెత్తకూడదు, ప్రభూ."

"ఎత్తు. నేను చెబుతున్నాను."

"ఈ కొండ దగ్గర తన గుర్రానికి లాడం ఊడిపోయిందని, పూటంతా ఆగానని దండనాయకులు రాశారు. దివాకర సోమయాజులవారి పద్యంలోనూ ఇక్కడే గుర్రానికి లాడం ఊడింది. అదే పూట, అదే కాలు. వారు అగ్రహారం పొలిమేర దాటలేదని సభలో విన్నాం. వారు చూసింది కొండను కాదు, ప్రభూ. దండనాయకుల వీపును. అందుకని అది కనిపించేచోట వేశాను."

రాజు సోమయాజులు వైపు తిరిగాడు. సోమయాజులు చాలాసేపు ఆ పీటను చూశాడు. ఆయన పండితుడే, అబద్ధమాడే మనిషి కాదు.

"మా ఇంట్లో గుర్రం ఎప్పుడూ లేదు, మహాప్రభూ," అన్నాడు చివరికి. "పద్యం బాగుంటుంది. చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను. గుర్రం సంగతి నాకు తట్టలేదు."

రాజు పల్లకీ ఎక్కి ఎడమవైపు చెయ్యి చూపించాడు. సేనాపతి మాత్రం ఇద్దరు రౌతులను కుడి దారిన పంపాడు. ఆ బాట లోయ అంచుదాకా వెళ్లి ఆగిపోయిందని వాళ్లు సాయంత్రానికి వచ్చి చెప్పారు.

పెళ్లివారు దీపాలు పెట్టే వేళకు తుమ్మికోట చేరారు. ముహూర్తానికి జీలకర్ర బెల్లం పడింది.

మర్నాడు విడిదిలో రెండు రాజ్యాల పండితులూ పెళ్లి వర్ణన చదివారు. మగపెళ్లివారు కోట గుమ్మానికి కుడి పక్క నుంచి వచ్చారని తుమ్మికోట పండితుడు చదివాడు. ఎడమ పక్క నుంచి వచ్చామని సోమయాజులు చదివాడు. తుమ్మికోటవారి ముఖాలు మారాయి. ఎడమ నుంచి వచ్చినట్టు రాయడం అశుభమని ఎవరో గొణిగారు.

ప్రచండవర్మ తాంబూలం నములుతూ తుమ్మికోట పండితుణ్ని అడిగాడు. "తమరు ఎక్కడ నిలబడి చూశారు?"

"గుమ్మం లోపల, ప్రభూ."

"మావాడు గుమ్మం బయట ఉన్నాడు. ఇద్దరూ సరిగ్గానే చూశారు. భోజనాలకు లేద్దాం."

అలా రాజు మాచన జోలికి వెళ్లకుండానే మాచన పని చేశాడు. అది తనకే వింతగా తోచిందేమో, చేతులు కడుక్కుంటూ అతన్ని పిలిచాడు.

"మాచనా, పెద్దల మాట మీదే ఇక్కడికి చేరాం. అవునా?"

"అవును, ప్రభూ. వారి మాట తప్ప నేను ఒక్క మాట కలపలేదు."

"ఆ మాటలు సోమయాజులుగారి గ్రంథంలో ఉన్నవే కదా."

"ఒక్కటి తప్ప అన్నీ ఉన్నవే. ఆ ఒక్కటీ ఎత్తి రాయనిది."

"అంటే నా మాట ప్రకారం నీ కొలువు పోవాలి."

"మాటలన్నీ గ్రంథంలోవే, ప్రభూ. కానీ గ్రంథంలో నలుగురూ తమరివైపే ముఖం పెట్టి కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోనివ్వలేదు. దారి తెలిసింది వాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టాక. ఆ పని చేసింది పీటల బండి. కొలువు తీయాలంటే బండిది తీయించండి."

రాజుకు మొదట పెదవి కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత తాంబూలం పొలమారేంతగా నవ్వాడు. సోమయాజులు ఆయన వీపు తట్టాడు. తడుతూ తనూ కొంచెం నవ్వాడు.

నవ్వు ఆగాక రాజు మెడలోని ముత్యాల హారం తీసి మాచనకు ఇవ్వబోయాడు. వియ్యంకుడు చూస్తున్నాడని గుర్తొచ్చి మళ్లీ వేసుకున్నాడు. ఊరికి వెళ్లాక ఇస్తానన్నాడు. వెళ్లాక ఇచ్చాడు కూడా. మార్గగ్రంథం ఆ ఒక్క తాటాకే ఉంటుందని, ఇకమీదట గ్రంథం రాసే ప్రతివాడూ ముందు మాచనకు చూపించి, ఎవరు ఎటు వెళుతూ ఏమన్నారో తేల్చుకుని రావాలని ఉత్తర్వు చేశాడు.

మాచన ఇంటికి వచ్చేసరికి అక్కమ్మ అరుగు మీద మూటల మధ్య కూర్చుని ఉంది. గంగాళం బోర్లించి దాని మీద ప్రయాణానికి సిద్ధంగా చేతికర్ర పెట్టింది. మాచన హారం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ఎండలో తిప్పి చూసింది.

"బాగానే ఉంది. ఇది దాచుకోవడానికి ఇల్లుందా, లేదా?"

"ఉంది."

అక్కమ్మ లేచి గంగాళం లోపలికి తీసుకెళ్లింది.